ఫుట్‌బాల్ మ్యాచ్‌తో పాటు లైవ్ ప్రపంచ సంగీతం: నిర్వాహకులు తరచుగా అడిగే ప్రశ్నలు

పెద్ద తెర మీద అంతర్జాతీయ మ్యాచ్ చూపిస్తూ, అదే చోట ఆడుతున్న దేశాల సంగీతాన్ని లైవ్‌గా వినిపించాలనుకునేవాళ్ల కోసం ఈ పేజీ. నూరు మంది పట్టే హాలైనా, వేల మంది పట్టే మైదానమైనా చిక్కులు ఇంచుమించు ఒకటే. పరికరాల సైజు మాత్రమే మారుతుంది.

మ్యాచ్ ముఖ్యమా, సంగీతం ముఖ్యమా?

బంతి ఆటలో ఉన్నంతసేపూ మ్యాచే ముఖ్యం. ఆ సమయంలో వేదిక మీద ఏదీ మోగకూడదు. అలాగని సంగీతాన్ని మిగిలిన ఖాళీల్లో ఇరికించకూడదు. మంచి బ్యాండ్‌ని పిలిచి, హాఫ్‌టైమ్‌లో పది నిమిషాలు ఇచ్చి సరిపెట్టేవాళ్లు చాలామంది. ఆ పది నిమిషాల్లో జనం సగం మంది టాయిలెట్ల దగ్గర క్యూలో ఉంటారు, మిగతావాళ్లు తిండి కౌంటర్ దగ్గర ఉంటారు. కళాకారులకు వినేవాళ్లు దొరకరు, జనానికి విన్నామన్న తృప్తి ఉండదు.

అసలు కచేరీ మ్యాచ్‌కి ముందే జరగాలి. హాఫ్‌టైమ్‌లో చిన్న ముక్క, మ్యాచ్ అయ్యాక నాట్యానికి పనికొచ్చే సెట్. కింద చెప్పే ఏర్పాట్లన్నీ ఈ లెక్క మీదే ఆధారపడ్డాయి.

మొత్తం కార్యక్రమానికి టైమ్ ఎలా వేసుకోవాలి?

కిక్‌ఆఫ్‌ను సున్నాగా పెట్టుకుని ముందుకీ వెనక్కీ లెక్కేయండి. గడియారం టైమ్ రాసుకుంటే, మ్యాచ్ పది నిమిషాలు ఆలస్యమైనప్పుడు మొత్తం పట్టిక తప్పుతుంది.

- 120 నిమిషాల ముందు: గేట్లు తెరవాలి. బ్యాండ్ల సౌండ్ చెక్ అప్పటికే అయిపోవాలి.
- 105 నుంచి 75 నిమిషాల ముందు దాకా: మొదటి సెట్, 30 నిమిషాలు.
- ఆ తర్వాత 10 నిమిషాలు వాద్యాల మార్పిడి. ఈలోగా తెర మీద టీమ్ జాబితాలు చూపొచ్చు.
- 65 నుంచి 30 నిమిషాల ముందు దాకా: రెండో సెట్.
- 30 నుంచి 15 నిమిషాల ముందు దాకా: వేదిక లైట్లు తగ్గించాలి, జనం సర్దుకోవాలి.
- 15 నిమిషాల ముందు: ప్రసారం సౌండ్ పూర్తిగా ఆన్.
- కిక్‌ఆఫ్ తర్వాత సుమారు 47వ నిమిషంలో హాఫ్‌టైమ్, 62–65 మధ్య రెండో సగం మొదలు, 110–115 మధ్య చివరి విజిల్.
- చివరి విజిల్ పడ్డ 10 నిమిషాలకు ముగింపు సెట్, 45 నుంచి 60 నిమిషాలు.

చివరి విజిల్ పడగానే డ్రమ్స్ మొదలుపెట్టొద్దు. గెలిచినవాళ్లు అరవాలి, ఓడినవాళ్లు కాసేపు కూర్చోవాలి. ఆ పది నిమిషాలూ జనానివే.

హాఫ్‌టైమ్‌లో నిజంగా ఎంత సేపు దొరుకుతుంది?

ఆట నియమాల ప్రకారం విరామం 15 నిమిషాలకు మించకూడదు. అందులో సంగీతానికి పనికొచ్చేది ఎనిమిది, మహా అయితే తొమ్మిది నిమిషాలు. విజిల్ పడ్డాక ఒకటిన్నర నిమిషంలో మొదటి దెబ్బ పడాలి, పదో నిమిషానికల్లా ఆపాలి, పన్నెండో నిమిషానికి ప్రసారం సౌండ్ తిరిగి రావాలి. అంటే రెండు చిన్న పాటలు, లేదా ఆగకుండా సాగే ఒకే తాళవాద్య ముక్క. తాళవాద్యాలే మేలు. ఎందుకంటే హాఫ్‌టైమ్ శ్రోత వేదికకు ఎదురుగా ఉండడు, క్యూలో నిలబడి ఉంటాడు. అతనికి సాహిత్యం, సున్నితమైన గమకం చేరవు. దరువు చేరుతుంది. వీలైతే బృందాన్ని వేదిక దించి, జనం మధ్యలోంచి క్యూల వైపు నడిపించండి. సాంబా బృందాలకూ, ఉరుగ్వే కాందోంబే బృందాలకూ నడుస్తూ వాయించడం అలవాటే.

ఒక మినహాయింపు ఉంది. 2024 కోపా అమెరికా ఫైనల్లో షకీరా ప్రదర్శన కోసం విరామాన్ని దాదాపు 25 నిమిషాలకు పొడిగించారు. ఇలా మైదానంలోనే షో ఉన్న ఫైనల్స్‌లో మీ బ్యాండ్‌కి హాఫ్‌టైమ్ కేటాయించకండి. జనం తెరనే చూస్తారు.

నీటి విరామాల్లో, గోల్ పడ్డప్పుడు వాయించవచ్చా?

2026 ప్రపంచకప్‌కి ఫిఫా ప్రతి సగంలోనూ, సుమారు 22వ నిమిషంలో, 3 నిమిషాల నీటి విరామం పెట్టింది. చూడ్డానికి మంచి అవకాశంలా ఉంటుంది. వాడుకోవద్దు. కోచ్‌లు ఏం మార్పులు చేస్తున్నారో, ఎవరికి దెబ్బ తగిలిందో జనం ఆ సమయంలోనే చూస్తారు, మాట్లాడుకుంటారు.

గోల్ సంగతి వేరు. ఒకరిద్దరు డ్రమ్మర్లు సిద్ధంగా ఉంటే, 10–15 సెకన్ల దరువు బాగా పండుతుంది. అంతకు మించితే వీఏఆర్‌తో (వీడియో చూసి నిర్ణయాలు సరిచేసే రిఫరీతో) చిక్కు. ఆఫ్‌సైడ్ అని గోల్ రద్దు చేశాక కూడా సంబరం మోగుతుంటే ఎదుటి జట్టు అభిమానులు నవ్వుతారు, కొన్నిచోట్ల గొడవలకూ దిగుతారు. కాబట్టి గోల్ పడ్డప్పుడు చిన్న దరువు, మధ్య గీత నుంచి ఆట మళ్లీ మొదలయ్యే ముందు కావాలంటే ఇంకొకటి. రెండు జట్లకూ ఒకే నియమం.

ఈ పనికి ఒక మనిషిని ప్రత్యేకంగా పెట్టాలి. అతను తెరను మాత్రమే చూస్తాడు, చేతిలో స్విచ్ ఉంటుంది. వేదిక అంచున ఎరుపు, పచ్చ బల్బులు రెండు. ఎరుపు వెలిగితే వెంటనే ఆపాలి. ఆ హోరులో చేతి సైగలు పనిచేయవు. డ్రమ్మర్ చూపు తన డ్రమ్ మీదే ఉంటుంది.

నాకౌట్ మ్యాచ్ ఎక్స్‌ట్రా టైమ్‌కి వెళ్తే?

15 నిమిషాల చొప్పున రెండు భాగాలు, మధ్యలో విరామాలు, ఆపైన పెనాల్టీలు. మొత్తం మీద ముగింపు 45 నిమిషాల నుంచి గంట వెనక్కి జరుగుతుంది. ముగింపు సెట్ ‘రాత్రి 9:30కి’ అని ఒప్పందంలో రాసుకుంటే ఇక్కడే దెబ్బతింటారు. ‘మ్యాచ్ ముగిసిన 10 నిమిషాలకు’ అని రాయండి. వేచి ఉండే సమయానికి గంట లెక్కన ఎంత ఇస్తారో ముందే తేల్చండి. హాలుకో మైదానానికో శబ్దం ఆపాల్సిన గడువు ఉంటే, పెనాల్టీల దాకా వెళ్లినా కనీసం 30 నిమిషాల సంగీతం మిగులుతుందో లేదో చూసుకోండి. మిగలదంటే ముగింపు సెట్ పెట్టకండి. ఆ డబ్బుతో మ్యాచ్ ముందటి కచేరీ పెంచుకోవచ్చు.

ఎక్స్‌ట్రా టైమ్‌కి ముందు, పెనాల్టీలకు ముందు వచ్చే చిన్న విరామాల్లో వాయించాలన్న ఆలోచనే వద్దు. జనం ఊపిరి బిగబట్టి ఉన్నప్పుడు ఎంత గొప్ప వాద్యమైనా పానకంలో పుడకే.

ఏ మ్యాచ్‌కి ఏ సంగీతం?

ఆడే రెండు దేశాల సంగీతం పెట్టడం సహజం. అందరికీ తెలిసిన ఒక్క ముఖాన్నే పట్టుకుంటే మాత్రం కార్యక్రమం పర్యాటక పోస్టర్‌లా తయారవుతుంది. బ్రెజిల్ అంటే సాంబా ఒక్కటే కాదు. ఫొర్రో త్రయంలో అకార్డియన్, జబూంబా డ్రమ్, ట్రయాంగిల్ మూడే ఉంటాయి. చిన్న వేదికకు, చిన్న బడ్జెట్‌కు చక్కగా సరిపోతుంది. 2027 మహిళల ప్రపంచకప్ బ్రెజిల్‌లోనే కాబట్టి ఈ తేడా గుర్తుంచుకోవడం మంచిది.

సెనెగల్ మ్యాచ్‌కి సబార్ డ్రమ్స్‌తో సాగే మ్బలాఖ్, కొలంబియాకి కుంబియా, ఘనాకి హైలైఫ్, మెక్సికోకి మరియాచి, కొరియాకి సముల్నోరి, జోర్డాన్, లెబనాన్ లాంటి అరబ్ దేశాలకు దబ్కే నాట్యం. ఇవన్నీ నిలబడి వినే గుంపుకు నప్పుతాయి. పోర్చుగల్ ఫాడో గొప్ప సంగీతమే గానీ నిశ్శబ్దం కోరుతుంది. జెర్సీలు వేసుకున్న ఐదు వందల మంది మధ్య అది బతకదు. పెట్టి తీరాలంటే గేట్లు తెరిచిన మొదటి అరగంటలో, కూర్చునే చోట పెట్టండి.

మొరాకో గ్నావా సంగీతం విషయంలో ఒక జాగ్రత్త. రాత్రంతా సాగే లీలా అనే పూజాక్రతువుకు చెందిన పాటలూ ఇందులో ఉన్నాయి. క్యూబా బాతా డ్రమ్స్‌లోనూ ప్రతిష్ఠ చేసినవి వేరే ఉంటాయి. వేదిక మీద ఏవి వాయించవచ్చో బృందాన్నే అడగండి, జాబితా మీరు ఇవ్వకండి.

రెండు దేశాల బృందాలూ వస్తే సమయం సమానంగా పంచండి. ముగింపు సెట్ మాత్రం రెండింటికీ చెందని నాట్య సంగీతం అయితే ఓడినవాళ్లు కూడా ఆగుతారు. గెలిచిన దేశం పాటలతోనే ముగిస్తే, రెండో వర్గం పది నిమిషాల్లో ఖాళీ అవుతుంది.

ఏ వాద్యాలతో ఇబ్బంది వస్తుంది?

శ్రుతి నిలవనివాటితో. పశ్చిమాఫ్రికా కోరాకు సాధారణంగా 21 తీగలు. చల్లని గదిలోంచి జనం నిండిన హాల్లోకి తెస్తే అన్నీ కదులుతాయి. మళ్లీ శ్రుతి చేయడానికి పది నిమిషాలు కావాలి, అంటే హాఫ్‌టైమ్ అక్కడికే చెల్లు. అరబ్ తీగ వాద్యం ఊద్ కూడా అంతే. తోలు మూసిన జెంబే, సబార్ లాంటివి తేమకు సాగిపోయి దెబ్బ మందగిస్తుంది. వీటిని మ్యాచ్ ముందటి సెట్‌లో వాడండి. గంట ముందే తెచ్చి వేదిక మీద పెట్టించండి, ఏసీ గాలి నేరుగా తగలనివ్వకండి. హాఫ్‌టైమ్‌కి ప్లాస్టిక్ మూతల డ్రమ్స్, లోహపు గంటలు, ఇత్తడి బాకాలు మేలు. తీసి వాయించడమే.

స్కాటిష్ బ్యాగ్‌పైప్ మరో రకం తలనొప్పి. ఈనాటి పైపుల ‘ఎ’ స్వరం, మిగతా వాద్యాల్లో లాగా 440 హెర్ట్జ్ దగ్గర ఉండదు, 470 దాటి 480 దాకా పోతుంది. అంటే దాదాపు బి-ఫ్లాట్, అదీ ఇంకాస్త ఎక్కువ. కీబోర్డుతో కలిపితే చెవులు చిల్లులు పడతాయి. పైపర్‌ని ఒంటరిగానో, డ్రమ్స్‌తోనో వాయించనివ్వండి.

గ్నావా గెంబ్రీ మూడు తీగల మంద్ర వాద్యం, పక్కనే మోగే ఖర్కబాల (ఇనుప చిడతల్లాంటివి) ముందు అసలు వినపడదు. గెంబ్రీకి పికప్ (వాద్యానికే బిగించే మైకు లాంటిది), దాని సిగ్నల్‌ని మిక్సర్‌కి పంపే డీఐ బాక్స్ తప్పనిసరి. ఖర్కబాలకు మైకే అక్కర్లేదు.

సాంబా తాళబృందం కనీస కూర్పు ఇది: సుర్దోలు (పెద్ద మంద్ర డ్రమ్స్) 3, కైషాలు (స్నేర్ డ్రమ్స్) 2, రెపినిక్ (హెచ్చు స్వరం డ్రమ్) 1, తంబోరిమ్‌లు (పుల్లతో వాయించే చిన్న డ్రమ్స్) 2, అగోగో (జంట గంట) 1. తొమ్మిది మంది. నాలుగైదు వందల మంది ఉన్న హాలుకి మైకుల్లేకుండానే సరిపోతారు. సుర్దోలు మూడింటికి తగ్గితే అడుగున ఊపు పోయి, పైన చప్పుడే మిగులుతుంది.

జాతీయ గీతాలను బ్యాండ్ వాయించవచ్చా?

వద్దు. ప్రసారంలో వచ్చేదాన్ని పూర్తి సౌండ్‌తో వినిపించండి. నాట్య బాణీలో మార్చి వాయిస్తే కొందరికి అవమానంగా ఉంటుంది, కొన్ని దేశాల్లో చట్టమే ఒప్పుకోదు. మెక్సికో జాతీయ చిహ్నాల చట్టం గీతం సాహిత్యాన్నీ బాణీనీ మార్చడాన్ని నిషేధిస్తుంది.

తెర ఎంత పెద్దది కావాలి? ప్రొజెక్టరా, ఎల్‌ఈడీ వాలా?

చివర నిలబడ్డవాడికి బంతి కనపడాలి, స్కోరు చదవగలగాలి. తెర ఎత్తుకు ఆరు రెట్ల దూరం దాకా ఫర్వాలేదు. 150 అంగుళాల తెర వెడల్పు 3.32 మీటర్లు, ఎత్తు 1.87 మీటర్లు. కాబట్టి 11 మీటర్ల లోతున్న హాలుకు చాలు. త్రో నిష్పత్తి (తెర వెడల్పుకు ఎన్ని రెట్ల దూరంలో పెట్టాలో చెప్పే అంకె) 1.5 ఉన్న ప్రొజెక్టర్‌ని దానికి 5 మీటర్ల దూరంలో పెట్టాలి. తలల పైనుంచి కాంతి పోయేలా పైకి బిగించండి. గోల్ పడితే అందరూ చేతులు లేపుతారు, నీడలు తెర మీద పడతాయి.

పగటి వెలుగులో బయట ప్రొజెక్టర్ దండగ. ఎల్‌ఈడీ వాల్ కావాలి, నేరుగా ఎండ పడే చోటైతే 5,000 నిట్స్ (వెలుగు కొలత) స్థాయిది. 3.9 మిల్లీమీటర్ల పిచ్ (చుక్కల మధ్య దూరం) ఉన్న అర మీటరు క్యాబినెట్లు (తెర ముక్కలు) వెడల్పున 16, ఎత్తున 9 పేరిస్తే 8 × 4.5 మీటర్ల తెర వస్తుంది. మొత్తం 144 క్యాబినెట్లు. దీని పిక్సెళ్లు 2048 × 1152, ఫుల్ హెచ్‌డీ కంటే కాస్త ఎక్కువ. ముందు వరుస 4 మీటర్ల కంటే దగ్గరగా ఉండకూడదు, చుక్కలు కనిపిస్తాయి. నిలబడే గుంపైతే తెర అడుగు అంచు నేల నుంచి 2 మీటర్ల ఎత్తున ఉండాలి.

ప్రొజెక్టర్లలోనూ టీవీల్లోనూ ఉండే ‘మోషన్ స్మూతింగ్’ లాంటి సెట్టింగ్ ఆపేయండి. వేగంగా వెళ్లే బంతి చుట్టూ మసక కట్టేది దీనివల్లే, బొమ్మ ఆలస్యమయ్యేదీ దీనివల్లే.

సిగ్నల్ విషయంలో ఎక్కువగా ఏం తప్పుతుంది?

మూడు విషయాలు.

మొదటిది ఆలస్యం. ఇంటర్నెట్ స్ట్రీమ్ చాలాసార్లు శాటిలైట్, కేబుల్ ప్రసారం కంటే అర నిమిషం దాకా, కొన్నిసార్లు ఇంకా వెనకబడుతుంది. పక్క భవనంలో ‘గోల్’ అని అరుపు వినిపించాక మీ తెర మీద కార్నర్ తీస్తుంటారు. శాటిలైట్‌నో కేబుల్‌నో అసలు మార్గంగా, స్ట్రీమ్‌ని అత్యవసరానికి పెట్టుకోండి. స్ట్రీమ్ తప్పనిసరైతే వైఫై కాకుండా తీగ కనెక్షన్ వాడండి, అదే లైన్‌ని జనానికి ఇవ్వకండి.

రెండోది హెచ్‌డీసీపీ అనే కాపీ రక్షణ. సెట్‌టాప్ బాక్సును నేరుగా టీవీకి కలిపితే బొమ్మ వస్తుంది, మధ్యలో వీడియో స్విచ్చర్ పెడితే తెర నల్లబడుతుంది. దీన్ని మ్యాచ్ రోజున కనుక్కోకూడదు. ముందురోజే, అదే బాక్సు, అదే కేబుళ్లు, అదే స్విచ్చర్‌తో, ఆ చానల్లో వస్తున్న ఏదో ఒక ఆటను అరగంట నడిపి చూడండి. ఫోన్ నుంచి కాస్టింగ్‌ని నమ్ముకోవద్దు.

మూడోది కేబుల్ పొడవు. మామూలు హెచ్‌డీఎమ్‌ఐ 10–15 మీటర్లు దాటితే బొమ్మ మిణుకుమంటుంది. ఆపైన ఆప్టికల్ హెచ్‌డీఎమ్‌ఐ లేదా క్యాట్6 ఎక్స్‌టెండర్ వాడాలి.

సెట్‌టాప్ బాక్సు, రౌటర్, డిజిటల్ మిక్సర్‌ని యూపీఎస్ మీద పెట్టండి. కరెంటు ఒక్క సెకను పోయినా బాక్సు మళ్లీ లేచేసరికి రెండు మూడు నిమిషాలు పడుతుంది. గోల్ కచ్చితంగా అప్పుడే పడుతుంది!

ఒకే సౌండ్ సిస్టమ్ మ్యాచ్‌కీ బ్యాండ్‌కీ సరిపోతుందా?

సరిపోతుంది, డిజిటల్ మిక్సర్ ఉంటే. మూడు సీన్లు (మిక్సర్ సెట్టింగుల కట్టలు) ముందే సేవ్ చేసుకోండి: మ్యాచ్, బ్యాండ్, ప్రకటనలు. ‘మ్యాచ్’ సీన్లో వేదిక మైకులన్నీ మ్యూట్ అయి ఉండాలి. ఒక్క డ్రమ్ మైక్ తెరిచి ఉన్నా వ్యాఖ్యానం దాంట్లో పడి, మళ్లీ స్పీకర్లలోంచి వచ్చి, మాటలు బావిలోంచి వస్తున్నట్టు ఉంటాయి. జనం దీన్ని ‘సౌండ్ బాగాలేదు’ అంటారు తప్ప కారణం ఎవరూ కనిపెట్టరు.

వ్యాఖ్యానానికి కంప్రెసర్ (హెచ్చుతగ్గుల తేడా తగ్గించేది) పెట్టండి, 100 హెర్ట్జ్ కంటే కింది మంద్ర శబ్దాన్ని కోసేయండి. కొన్ని ప్రసారాల్లో వ్యాఖ్యానం లేకుండా స్టేడియం శబ్దం మాత్రమే వచ్చే ఆడియో కూడా ఉంటుంది. పలు భాషలవాళ్లు వచ్చే చోట అదే మంచి ఎంపిక.

ఎల్‌ఈడీ ప్రాసెసర్ బొమ్మను రెండు మూడు ఫ్రేములు ఆలస్యం చేస్తుంది. సెకనుకు 50 ఫ్రేముల ప్రసారంలో అది 40–60 మిల్లీసెకన్లు. ఆ మేరకు సౌండ్‌ని కూడా ఆలస్యం చేయాలి. మ్యాచ్‌కి ముందు స్టూడియోలో మాట్లాడేవాళ్ల పెదాలు చూసి సరిచేయడం తేలిక. మైదానం లోతుగా ఉండి మధ్యలో అదనపు స్పీకర్లు పెడితే, మీటరుకు 2.9 మిల్లీసెకన్ల చొప్పున డిలే ఇవ్వాలి. 25 మీటర్ల దగ్గర అది దాదాపు 73. దానికి ఇంకో 10 కలిపితే శబ్దం తెర వైపు నుంచే వస్తున్నట్టు అనిపిస్తుంది.

ఎంత సౌండ్ అన్నదానికి, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ఇచ్చిన ప్రమాణం 15 నిమిషాల సగటున 100 డెసిబెల్స్ మించకూడదని. గోల్ అరుపులు, తాళబృందం కలిస్తే స్పీకర్ల సాయం లేకుండానే దాని దగ్గరికి పోతారు. స్థానిక నిబంధన అంతకంటే తక్కువ ఉంటే అదే లెక్క.

వేదికను ఎక్కడ పెట్టాలి?

తెర పక్కనే, జనం వైపు కాస్త వాలుగా. అప్పుడు ఒకే జత స్పీకర్లు రెండింటికీ సరిపోతాయి, జనం తల తిప్పితే చాలు. ఎదురు గోడకు పెడితే గుంపంతా వెనక్కి తిరగాలి, రెండో సౌండ్ సిస్టమ్ కావాలి. తెర కింద పెడితే డ్రమ్ సెట్ తాళాల స్టాండ్లు బొమ్మకు అడ్డం. ఆరెనిమిది మంది బ్యాండ్‌కి 6 × 4 మీటర్లు. నాట్యం ఉంటే ముందు నేల మీద అంతే జాగా ఖాళీగా వదలండి.

ఏయే అనుమతులు కావాలి?

రెండు వేర్వేరు హక్కులు: మ్యాచ్‌ని బహిరంగంగా చూపే హక్కు, సంగీతాన్ని బహిరంగంగా వినిపించే హక్కు. ఒకటి తీసుకుంటే రెండోది వచ్చినట్టు కాదు.

ఇంటికి తీసుకున్న చందాతో జనానికి చూపడం సాధారణంగా ఒప్పందానికి విరుద్ధం. ఫిఫా టోర్నీలకైతే బహిరంగ ప్రదర్శనను వాణిజ్యం, వాణిజ్యేతరం అని విడగొడతారు. టికెట్ పెట్టినా, స్పాన్సర్ ఉన్నా వాణిజ్యం కిందికి వస్తుంది, లైసెన్సు కావాలి. కచేరీకే టికెట్, మ్యాచ్ ఉచితం అనే వాదన మీద ఆధారపడకండి. ముందే రాసి అడగండి. ప్రసారం మీద మీ స్పాన్సర్ లోగో వేయడం, మధ్యలో కోసేయడం లాంటివి లైసెన్సు షరతులు ఒప్పుకోవు. హాఫ్‌టైమ్‌లో ప్రసారం సౌండ్ తగ్గించవచ్చా అన్నది కూడా అందులోనే చూసుకోండి. పోస్టర్ మీద టోర్నీ లోగో, కప్పు బొమ్మ వాడొద్దు.

సంగీతానికి ఆ దేశపు హక్కుల సంస్థ ఉంటుంది: జర్మనీలో గెమా, ఫ్రాన్స్‌లో సాసెమ్, బ్రిటన్‌లో పీఆర్‌ఎస్, అమెరికాలో ఆస్కాప్, బీఎమ్‌ఐ వగైరా. జానపద గీతం పాతదే అయినా దాని కొత్త బాణీ కూర్పుకు హక్కు ఉండొచ్చు. బ్యాండ్ నుంచి పాటల జాబితా తీసుకుని ఉంచుకోండి.

వేరే ఖండంలో జరిగే మ్యాచ్‌కి టైమ్ ఎలా చూసుకోవాలి?

యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయంలో) రాసుకుని, తర్వాత స్థానిక సమయానికి మార్చండి. 2026 ఫైనల్ జూలై 19న న్యూయార్క్ ప్రాంతంలో మధ్యాహ్నం 3 గంటలకు. అది యూటీసీలో 19:00, టోక్యోలో జూలై 20 తెల్లవారుజామున 4:00. పోస్టర్లలో తప్పేది గంట కాదు, తేదీ. మ్యాచ్ అర్ధరాత్రి దాటాక పడితే సంగీతం మొత్తం ముందుకు జరపండి. హాఫ్‌టైమ్‌లో మైకులు లేని వాద్యాలు మాత్రమే ఉంచండి.

జనం తెచ్చుకునే బూరలు, డ్రమ్స్ అనుమతించాలా?

బయట అయితే డ్రమ్స్ సరే. వువుజేలాలు 2010 దక్షిణాఫ్రికా టోర్నీలో ఎంత రచ్చ చేశాయో తెలిసిందే. హాల్లో ఒక్కటున్నా పక్కవాడి చెవికి ప్రమాదం, మైకుల్లో దూరి బ్యాండ్‌నీ పాడుచేస్తుంది. గేటు దగ్గరే తీసుకుని టోకెన్ ఇవ్వండి.

ఒకేసారి రెండు మ్యాచ్‌లు ఉంటే?

గ్రూప్ దశ చివరి రోజున ఒకే గ్రూప్‌లోని రెండు మ్యాచ్‌లూ ఒకే సమయానికి మొదలవుతాయి. 1982లో స్పెయిన్‌లోని హిహోన్‌లో, ఇద్దరూ ముందుకెళ్లే స్కోరు రాగానే పశ్చిమ జర్మనీ, ఆస్ట్రియా ఆడీ ఆడనట్టు గడిపిన మ్యాచ్ తెచ్చిన అప్రతిష్ఠ తర్వాత పెట్టిన పద్ధతి ఇది. రెండు తెరలు పెట్టి ఒకదానికే సౌండ్ ఇవ్వండి. రెండు విరామాలూ కచ్చితంగా కలవవు. సగం చివర రిఫరీ కలిపే నిమిషాల తేడాతో మూడు నాలుగు నిమిషాలు అటూ ఇటూ అవుతాయి. కాబట్టి ఆ రోజు హాఫ్‌టైమ్ సెట్‌ని ఐదు నిమిషాలకు కుదించండి, రెండో మ్యాచ్ విజిల్ కూడా పడ్డాకే పచ్చ బల్బు వెలిగించండి.